బాలింత సొర

మొగపాలెం,
జూలై మొదటివారం.

స్వర్ణకు అక్క ఆశీస్సులు.

మొన్న నువ్వు మాట్లాడుతుంటే మధ్యలో ఫోను పెట్టేశానని కోపమొచ్చిందా? రానీ. ఈ ఇంట్లో ఫోను మోగితే ముందు మా అత్త పిచ్చమ్మ ఎత్తుతుంది. ఆమెకు చెవులు మందం కాబట్టి స్పీకరు పెడుతుంది. ఆపైన వీధంతా వింటుంది. నువ్వేమో నేను అందుకోగానే "బురద రిజల్టు, జుట్టు రిజల్టు" అంటూ మొదలుపెట్టావు. ఇక మీదట ఏం చెప్పాలన్నా కాగితం మీద రాసి నా అంగన్‌వాడీకి పంపించు. అక్కడ టీచరును నేనే, ఆయమ్మకు చదువు రాదు, పిల్లలు ఇంకా అ ఆలు దాటలేదు. నీ ఉత్తరానికి అంతకంటే భద్రమైన చోటు ఈ ఊళ్లో లేదు.

నువ్వూ మీ యూనివర్సిటీ వాళ్లూ వచ్చి ఉప్పుటేట్లో గొట్టాలు దించి అడుగు బురద తీసుకుపోయిన దగ్గర్నుంచి ఇక్కడ ఒకటే గుసగుస. ఎగువన కాస్టిక్ సోడా ఫ్యాక్టరీ మూతపడి ఏళ్లు గడిచిపోయాయి, అది వదిలిన పాదరసం ఏటి అడుగున ఇంకా ఉందా లేదా అని చూస్తారంట అంటే మొదట్లో అందరికీ సరదాగానే ఉండింది. మీ బావ ప్రసాద్ తన పడవ ఇచ్చాడు. ఆడవాళ్లు నా మొహం చూసి నీకు పరీక్షకని జుట్టు కత్తిరించి ఇచ్చారు. కొండ మీది దేవుడికి తప్ప ఇంకెవరికీ ఇవ్వని జుట్టు అది. ఇప్పుడేమో కావలి నుంచి వచ్చే చేపల వ్యాపారి ఒకడు "మీ ఏట్లో ఏదో విషముందంట గదా" అని గంపల వంక కూడా చూడకుండా పోయాడు. అంతే, కులపెద్దలైన మన కాపులందరూ పంచాయితీకి కూర్చున్నారు.

మా మామ ముత్యాలయ్య పెద్దకాపు కదా, దురాయి వేశాడు. మన పట్టపోళ్లలో దురాయి అంటే ఏమిటో నీకు నేను చెప్పాలా, పోలీసు మాటైనా దాటొచ్చు గానీ దాన్ని దాటలేం. ల్యాబు వాళ్లకు ఎవరూ పడవ ఇవ్వకూడదు, చేప ఇవ్వకూడదు, పిడికెడు బురద కూడా ఇవ్వకూడదు. ఇస్తే వెలి. అన్నం తింటూ నా వంక చూసి "అడుసు తొక్కనేల, కాలు కడగనేల" అన్నాడు. నిన్ను ఈ ఊరికి తెచ్చిపెట్టింది నేనే అని ఆయన బాధ.

అదంతా నేను పడతాను గానీ, నువ్వు ఒక్కటి చెప్పు. ఆ జుట్టులో ఏముంది? ఇచ్చినవాళ్లు నన్ను బోరింగు దగ్గర ఆపి అడుగుతున్నారు, ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటున్నాను. నాకు ఒంట్లో కొంచెం నలతగా ఉంది. కంగారు పడాల్సిందేమీ లేదు. హాస్టల్లో సరిగ్గా తిను.

నీ అక్క,
దుర్గ.


తిరుపతి,
జూలై నెలాఖరు.

అక్కా,

నీ ఉత్తరం అందింది. కోపం లేదు. అత్తమ్మ స్పీకరు సంగతి మా రూములో చెబితే అందరూ పడీ పడీ నవ్వారు.

ఒంట్లో నలత అంటే ఏమిటి? జ్వరమా? కావలి వెళ్లి డాక్టరుకు చూపించుకో. "ఏమీ లేదు" అని నువ్వు అన్నప్పుడల్లా ఏదో ఒకటి ఉంటుంది.

ఆ రోజు బావ పడవలో తీసిన బురద ఎంత అందంగా ఉందో తెలుసా? గొట్టాన్ని నిలువునా కోస్తే పొరలు పొరలుగా కనిపిస్తుంది. పైన గోధుమరంగు, కింద నలుపు, ఇంకా కింద బూడిదరంగు. పైపొర నిన్నటిది, అడుగు పొర మన తాతల నాటిది. ఫ్యాక్టరీ నడిచిన ఏళ్లన్నీ మధ్యలో నల్లపొరగా కూర్చున్నాయి. పాదరసం అంటే థర్మామీటరు పగిలితే దొర్లే వెండి బొట్లనుకుంటాం గానీ, బురదలో అది కంటికి కనపడదు. అక్కడి సూక్ష్మజీవులు దాన్ని ఇంకో రకంగా మార్చేస్తాయి. ఆ మారినది పురుగుల్లోకి పోతుంది, పురుగులను తిన్న చిన్న చేపల్లోకి పోతుంది, చిన్నవాటిని మింగే పెద్దవాటిలోకి చేరుతుంది. ఎంత పెద్ద నోరైతే అంత ఎక్కువ. ఫ్యాక్టరీ మూతపడినంత మాత్రాన బురద ఖాళీ కాదు.

జుట్టు సంగతి అడిగావు. మా గైడు సుశీల్ కుమార్ గారు ఇంకో ల్యాబులో కూడా సరిచూసేదాకా ఎవరికీ ఏమీ చెప్పొద్దన్నారు. తొందరపడి తప్పు మాట చెబితే ఊరి నోటి దగ్గర కూడు తీసినట్టవుతుంది కదా. అందరూ బాగానే ఉన్నారు కదా, అప్పుడే కంగారెందుకు? ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర పడే పెద్ద చేపలు మాత్రం ప్రస్తుతానికి కాస్త తగ్గించండి.

బావను అడిగానని చెప్పు.

నీ చెల్లి,
స్వర్ణ.


మొగపాలెం,
శ్రావణమాసం.

స్వర్ణా,

నీ ఉత్తరం చదివాను, మళ్లీ చదివాను. పాదరసం బురదలో ఏమవుతుందో చెప్పావు, పురుగులోకి ఎట్లా పోతుందో చెప్పావు, పురుగు నుంచి చేపలోకి ఎట్లా చేరుతుందో చెప్పావు. చేప నుంచి మనిషి దగ్గరికి వచ్చేసరికి నీ కలంలో సిరా అయిపోయింది. "కాస్త తగ్గించండి" అంటే ఏమిటే? ఉప్పు తగ్గించమన్నట్టా, పంచదార తగ్గించమన్నట్టా? చేపలు పట్టే ఇంట్లో చేప తగ్గిస్తే ఇక మిగిలేది మజ్జిగన్నం.

అమ్మ పోయాక నీకు జడలు వేసి బడికి పంపింది నేను. నువ్వు ఎప్పుడు సూటిగా మాట్లాడతావో, ఎప్పుడు చుట్టూ తిప్పుతావో నాకు బాగా తెలుసు. నువ్వు ఏదో దాస్తున్నావు. నేనూ ఒకటి దాచాను, ముందు నాది చెప్పేస్తాను.

నాకు ఐదో నెల. ఇంతకు ముందు రెండుసార్లు నిలవలేదు కాబట్టి ఈసారి కడుపు కనపడేదాకా ఎవరికీ చెప్పకూడదనుకున్నాను. దిష్టి అంటే నువ్వు నవ్వుతావని నీక్కూడా చెప్పలేదు. ఇంట్లో మాత్రం తెలుసు. అత్త నన్ను నేల మీద నడవనీయడం లేదు. మీ బావ వేటకు పోతూ పోతూ గుమ్మం దగ్గర ఆగి వెనక్కి చూస్తాడు. నాకు ఎంత సంతోషంగా ఉందో, అంత భయంగా ఉంది.

బాలింతకు పాలు పడాలని మనవాళ్లు పాలసొర చేప వండి పెడతారు కదా. మా అత్త పురుడు దాకా ఆగలేక ఇప్పటి నుంచే మొదలుపెట్టింది. మొగ దగ్గర పిల్లసొర ఎవరి వలలో పడినా నా కోసం అడిగి తెస్తుంది. ఉడకబెట్టి, ముల్లు తీసి, వెల్లుల్లి దండిగా వేసి పిట్టు చేసి, ఎదురుగా కూర్చుని తినిపిస్తుంది. "తినమ్మే, ఈ తూరి నిలబడాల. నిలబడినాక పాలకి కొరవుండకూడదు" అంటుంది. ఆమె చేతి పిట్టు ఎంత బాగుంటుందో నీకూ తెలుసు కదా, తింటున్నాను.

ఇంకొకటి కూడా రాస్తాను. మా అంగన్‌వాడీ సెంటర్లో కొందరు పిల్లలున్నారు. చూడటానికి బొద్దుగా ఉంటారు, తూకం సరిపోతుంది, కానీ నడక రావడం ఆలస్యం, మాట ఆలస్యం. ఒక పాప పలక మీద గీత గీయబోతే చెయ్యి వణుకుతుంది. ఇన్నాళ్లూ మేనరికాల వల్ల అనుకున్నాను. నీ ఉత్తరం చదివాక వాళ్ల వంక చూడలేకపోతున్నాను.

ఇప్పుడు చెప్పు. తగ్గించాలా, మానాలా?

దుర్గ.


తిరుపతి,
ఆగస్టు.

అక్కా,

సొర తినొద్దు. ఈ కాగితం చేతిలో పడిన పూట నుంచి ఒక్క ముక్క కూడా నోట్లో పెట్టొద్దు. ఏటి పీతలు, జెల్లలు, మొగ దగ్గర పడే ఏ పెద్ద చేపా వద్దు. నడిసముద్రంలో దొరికే చిన్న కవళ్లు, నెత్తళ్లు తినొచ్చు, గుడ్లు తిను, పప్పు తిను.

నీ ఉత్తరం ల్యాబు మెట్ల మీద చదివాను. వెంటనే మీ ఇంటికి ఫోను చేశాను. అత్తమ్మ ఎత్తింది. అక్కకు సొర పెట్టొద్దత్తా అని అరిచాను. ఆమె నవ్వి, పెళ్లి కాని పిల్లవు, నీకేం తెలుసు ఇవన్నీ అని పెట్టేసింది. అందుకే ఇది కొరియరులో పంపుతున్నాను.

నిజం రాస్తున్నాను. మొగ దగ్గరి బురదలో పాదరసం మేం అనుకున్నదానికంటే చాలా ఎక్కువ ఉంది. సొరలో ఇంకా ఎక్కువ. మీ ఊరి ఆడవాళ్ల జుట్టులో, ఫరవాలేదు అనుకునే దానికి ఎన్నో రెట్లు ఉంది. అందరికంటే ఎక్కువ ఉన్న నాలుగైదు జుట్లలో నీది ఒకటి. పెద్దవాళ్లకు అది మెల్లగా హాని చేస్తుంది. కడుపులో బిడ్డకు మెదడు తయారయ్యే నెలల్లోనే చేస్తుంది. తల్లికి ఏమీ తెలియదు.

పోయిన ఉత్తరం రాసేనాటికే ఈ లెక్కలు నా బల్ల మీద ఉన్నాయి. రెండో ల్యాబు లెక్క రాలేదన్నది నిజమే, కానీ నేను దాని చాటున దాక్కున్నాను. నీకు చెబితే నువ్వు ఊరికి చెబుతావు, ఊరు నన్ను తిడుతుంది, సారు పరిశోధన ఆపేస్తారు అని భయపడ్డాను. నువ్వు కడుపుతో ఉన్నావని తెలిసి ఉంటే చెప్పేదాన్ని అని రాయబోయి ఆగాను. తెలియకపోయినా చెప్పాల్సింది.

నీ సెంటర్లో పిల్లల సంగతి పరీక్షలు చేయకుండా ఇదీ అని చెప్పలేను. భయంగా ఉంది అని మాత్రం చెప్పగలను.

నువ్వు మానేస్తే ఒంట్లోంచి నెలల మీద మెల్లగా తగ్గుతుంది. ఇంకా నెలలున్నాయి. బిడ్డ పుట్టాక నీ పాలు ఆపొద్దు. పాలలోకి వచ్చేది తక్కువ, పాల వల్ల మేలే ఎక్కువ అని డాక్టర్లు అంటారు. మానాల్సింది సొరను.

నన్ను తిట్టు, కానీ తినడం మానెయ్.

స్వర్ణ.


మొగపాలెం.

స్వర్ణకు,

చేతులు కాలాక ఆకులు పంపావు. అందాయి.

ఆ నెల రోజులూ నేను ఏం తిన్నానో, ఎంత ఇష్టంగా తిన్నానో రాయమంటావా? అత్తకు తృప్తిగా ఉండాలని మారు కూడా వడ్డించుకున్నాను. నీ సారు మాట నీకు ముఖ్యమైంది. పరాయి ఇంటి ఆడదైతే నీకు పట్టకపోవచ్చు, నేను నీ అక్కను కదా.

మీ బావకు చెప్పాను. ఇప్పుడు పిట్టు వచ్చిన ప్రతిసారీ అత్త చూడకుండా నేను కొంగులో పోసుకుంటే ఆయన తీసుకుపోయి పాతిపెట్టి వస్తున్నాడు. కుక్కలకు వేయడానికి కూడా చేతులు రావడం లేదు.

కొన్నాళ్లు నాకు రాయొద్దు.

దుర్గ.


తిరుపతి,
సెప్టెంబరు.

అక్కా,

రాయొద్దన్నావు. రాయకపోతే నేను బతకలేను కాబట్టి రాస్తున్నాను. క్షమించమని అడగడం లేదు.

రెండో ల్యాబు లెక్క కూడా వచ్చింది. అదే నిజం. సుశీల్ కుమార్ గారు ఇప్పుడు రిపోర్టు పై అధికారులకు పంపాలంటున్నారు. ఒక చిక్కుంది. జుట్టు తీసుకునేటప్పుడు మీ ఊరి పేరు బయటపెట్టబోమని మీ అందరికీ మాటిచ్చాం. బురద లెక్క ఒక్కటే పంపితే పాత ఫ్యాక్టరీ మురికి, ఎవరికీ నష్టం లేదు అని ఫైలు మూసేస్తారు. మనుషుల ఒంట్లోకి చేరింది, ఫలానా ఊళ్లో చేరింది అని చూపిస్తేనే డాక్టర్లు వస్తారు, పిల్లలకు పరీక్షలు చేస్తారు, బురద సంగతి ఎవరో ఒకరు చూస్తారు. ఊరి పేరు రాయాలంటే జుట్టు ఇచ్చినవాళ్లలో ఒక్కరైనా తన జుట్టు వరకు సమ్మతమని రాసి సంతకం పెట్టాలి. నిన్ను అడగమన్నారు.

నేను వచ్చి కాపుల ముందు నిలబడి చెబుతాను. తిట్టినా, కొట్టినా సరే. నువ్వు ఊ అను.

నీకు కాళ్లు వాస్తున్నాయా? గుడ్లు తింటున్నావా? ఒక్క ముక్క రాయి.

స్వర్ణ.


మొగపాలెం,
దసరా వెళ్లాక.

స్వర్ణా,

నువ్వు రానక్కర లేదు. నేనే చెప్పాను.

ఒకరోజు అత్త పిట్టు పెడుతుంటే గిన్నె పక్కకు జరిపి, మామ వినేట్టు అన్నీ చెప్పేశాను. నా జుట్టు సంగతి, సెంటర్లో పిల్లల సంగతి. అత్త నమ్మలేదు. "మా అమ్మ పెట్టింది, మా అమ్మమ్మ పెట్టింది, మేమంతా చచ్చినామా" అని గిన్నె తీసుకుని వంటింట్లోకి పోయి ఏడ్చింది. మామ మాత్రం లేచాడు. చేయి కడుక్కుని సెంటరు దగ్గరికి పోయి, పలక పట్టుకున్న ఆ పాప ఎదురుగా చాలాసేపు కూర్చున్నాడట. ఆయమ్మ చెప్పింది.

మర్నాడు కాపులు రామమందిరం దగ్గర కూర్చున్నారు. ఆడవాళ్లం అరుగు కింద నిలబడ్డాం. పెద్ద రచ్చ అయింది. ఏటిని వదిలేస్తే ఏం తినాలని కొందరు, ఇదంతా మన ఏరు లాక్కోవడానికి ఎవరో ఆడిస్తున్న నాటకమని కొందరు. చివరికి మామ లేచి దురాయి వేశాడు. ఆయన మాటలే రాస్తున్నాను.

"మనకి మన బిడ్డలు ముఖ్యం. ఈ పొద్దు నుంచి మొగకాడ పడ్డ సొర గానీ, జెల్ల గానీ, పీత గానీ మన ఇండ్లల్లో పొయ్యెక్కకూడదు. అంతా బజారుకే పోవాల. బయట నోరిప్పినోళ్లు ఎవురైనా సరే, నా కొడుకైనా సరే, వెలి."

అని కూర్చుని పైగుడ్డతో కళ్లు ఒత్తుకున్నాడు. ఆయన ఏడవడం నేను ఎప్పుడూ చూడలేదు.

ఇప్పుడు ఊళ్లో ఎవరూ తినడం లేదు. అత్త కూడా నాకు కందిపప్పు, బీరకాయ వండుతోంది. అత్త గంప మాత్రం రోజూ కావలి బజారుకు పోతుంది, ఇంకొందరి గంపలు అల్లూరు పోతాయి. సెంటర్లో పిల్లల తల్లులు నా చేతులు పట్టుకున్నారు. నిన్ను తిట్టినందుకు మనసు కలుక్కుమంది. నువ్వు చెప్పబట్టే మా పిల్లలు బయటపడ్డారు.

కాబట్టి ఆ సంతకం నన్ను అడగొద్దు. ఊరి పేరు బయటికి వచ్చిందంటే ఒక్క చేప కూడా అమ్ముడుపోదు. ఏటి చేపే కాదు, సముద్రం చేప కూడా కొనరు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది. బిడ్డ పుట్టబోయే ముందు మీ బావ చేతిలో పడవ లేకుండా చేయకు. నా కడుపు మీద ఒట్టు, నువ్వు ఆ పేరు రాయొద్దు.

దుర్గ.


తిరుపతి,
నవంబరు.

అక్కా,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. ఎన్నిసార్లు మొదలుపెట్టినా ముందుకు సాగలేదు.

బజారుకే పోవాల అన్నాడు మామ. బజారు నుంచి ఎవరి ఇంటికి పోతుందక్కా? అక్కడ కడుపుతో ఉన్నవాళ్లు ఉండరా? మామ మంచివాడు, నాకు తెలుసు. ఊరి కోసమే ఏడ్చాడు. కానీ మీరు మానేసింది ఎందుకో తెలిసి అమ్ముతున్నారు. ఇన్నాళ్లూ తెలియక అమ్మారు, అది వేరు. నేను కూడా తెలిసి నెల రోజులు ఊరుకున్నదాన్నే, నిన్ను అనే హక్కు నాకు లేదు. అందుకే ఈ ఉత్తరం ఇంత ఆలస్యమైంది.

సుశీల్ కుమార్ గారు అడిగితే సమ్మతి రాలేదని చెప్పాను. ఆయన "పేరు లేని ఊరికి డాక్టరును ఎట్లా పంపిస్తారమ్మా" అన్నారు. దక్షిణ కోస్తాలో ఒక ఉప్పుటేరు, ఒక మత్స్యకార గ్రామం అని రాసి పంపించాం. ఎవరూ కదల్లేదు. కదలరు కూడా.

హాస్టల్లో చేపల కూర పెట్టిన రోజు గిన్నె చూస్తూ కూర్చుంటున్నాను. పక్కనున్న అమ్మాయిలు తింటుంటే ఇది ఎక్కడిది అని అడగాలనిపిస్తుంది, అడగను.

నీ కడుపు మీద ఒట్టు పెట్టావు కాబట్టి నోరు మూసుకుంటాను. పురుడు అయ్యేదాకా నిన్ను ఇంకేమీ అడగను. నువ్వూ బిడ్డా క్షేమంగా ఉంటే చాలు అనుకోవాలని ప్రయత్నిస్తున్నాను. చాలు అనిపించడం లేదు.

స్వర్ణ.


కావలి, ఆసుపత్రి,
జనవరి.

స్వర్ణా,

పాప పుట్టింది. బావ ఫోనులో చెప్పే ఉంటాడు. బరువు బాగానే ఉంది. ఏడుపు మాత్రం కాస్త ఆలస్యంగా ఏడ్చింది. డాక్టరమ్మకు సొర సంగతీ, నీ లెక్కల సంగతీ చెవిలో చెప్పాను. ఇప్పుడే ఏమీ చెప్పలేం, పెరిగే కొద్దీ చూడాలి అంది. నేను దాని వేళ్లు చూస్తూ కూర్చుంటున్నాను. పట్టుకుంటుంది, వదిలేస్తుంది. అందరు పిల్లలూ అంతేనంటారు.

ఇది ఫోనులో చెప్పే సంగతి కాదు. నా చేత్తో రాసి ఉండాలి. చదివి మీ సారుకు చూపించు.

నా పక్క మంచం మీద ఉషారాణి అని అల్లూరు అమ్మాయి ఉంది. వరి పండించుకునే వాళ్లు. తొలి కాన్పు, మగబిడ్డ. పాలు సరిగ్గా పడలేదని ఆ పిల్ల ఒకటే ఏడుపు. వాళ్లమ్మ వెంకటశేషమ్మ మంచి మనిషి. వచ్చిన రోజు నుంచి నాకు కూడా వేడినీళ్లు తెచ్చి పెడుతోంది, నా పాపకు కూడా నూనె రాస్తోంది. నిన్న మధ్యాహ్నం క్యారియరు తెచ్చి మూత తీసింది. వెల్లుల్లి వాసన వార్డంతా కొట్టింది. సొరపిట్టు.

ఏ ఊరి సొరో, సముద్రంలో ఎక్కడిదో, అన్నీ మన మొగవేనా అని నాకు నేను చెప్పుకున్నాను. ఆమె కూతురికి కలిపి ముద్దలు పెడుతూ, నాక్కూడా రెండు ముద్దలు తినమని గిన్నె చాపింది. అరగదని చెప్పాను. అప్పుడే మా అత్త నాకు బీరకాయ కూర, అన్నం తీసుకుని వార్డులోకి వచ్చింది. వెంకటశేషమ్మ ఆమెను చూసి మొహం ఇంత చేసుకుంది. "ఈమె కాడనే కొనుక్కొచ్చినా తల్లీ. బాలింతకి అని చెప్తే, పాపం, మంచి ముక్కలు ఏరి మరీ ఇచ్చింది" అంది.

అత్త అక్కడే ఆగిపోయింది. నా వంక చూడలేదు.

స్వర్ణా, సొరను మామూలు కూరకు ఎవరు కొంటారు? చేపలు అమ్మే మా అత్తకు తెలియదా, సెలవు రోజుల్లో ఆ గంప వెనక కూర్చున్న నాకు తెలియదా? బాలింత ఉన్న ఇల్లే వెతుక్కుంటూ వచ్చి కొంటుంది. మేం మా పొయ్యి మీద నుంచి దించింది తిన్నగా తీసుకుపోయి బాలింతల పొయ్యి మీద పెట్టాం. బజారుకే అన్నప్పుడు బజారంటే నాకు జనం కనపడలేదు. మా పిల్లలు బయటపడ్డారని నీకు సంబరంగా రాశాను. ఆ ఉత్తరం గుర్తొస్తే సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తోంది.

ఉషారాణి ఇంకో ముద్ద కోసం నోరు తెరిచింది. నేను మంచం దిగి గిన్నె పట్టుకున్నాను.

"పెట్టొద్దు పెద్దమ్మా. అది మొగపాలెం ఏటికాడ సొర. దాంట్లో విషముండాది. మా ఊళ్లో మేం తినడం మానేసినాం" అన్నాను.

వార్డంతా విన్నది. మా అత్త క్యారియరు నేల మీద పెట్టి, "నీ బిడ్డ నోట్లో నువ్వే మన్ను కొట్టినావు" అని వెళ్లిపోయింది. వెంకటశేషమ్మకు ఏమీ అర్థం కాక కూతురి వీపు మీద చరుస్తూ, కక్కమ్మా కక్కమ్మా అంటోంది. ఉషారాణి నన్నే చూస్తోంది. "మీరు మానేసి మాకు అమ్మినారా అక్కా" అని అడిగింది. ఔనన్నాను. ఇంకేం చెప్పను?

సాయంత్రం బావ వచ్చాడు. పడవను ఒడ్డుకు లాగేశారట. మా మామ తన చేతులతోనే లాగించాడట, కొడుకైనా సరే అని ముందే చెప్పాడు కదా. ఇంటికి రావొద్దన్నారు. బావ పాప కాళ్లు చేతిలో పట్టుకుని కూర్చుని ఏడ్చాడు. ఆయనకు సముద్రం తప్ప ఇంకో పని తెలియదు. నాకేమో ఊరు పోయిందన్న ఏడుపు కంటే, నిన్న ఆ పిల్ల ఎన్ని ముద్దలు తిన్నదో, ఇన్నాళ్లలో ఇంకెంత మంది తిన్నారో అన్న ఏడుపే ఎక్కువగా ఉంది. మా గంపలు వెళ్లిన ప్రతి వీధికీ వెళ్లి చెప్పాలనిపిస్తోంది. లేచి నాలుగు అడుగులు నడవలేను.

మీకు కావలసింది ఇక్కడ రాస్తున్నాను. దుర్గ అనే నేను, బోగోలు మండలం మొగపాలెంలో అంగన్‌వాడీ టీచరును, పరీక్షకు నా జుట్టు ఇచ్చాను. మా ఊరి పేరు రాయడానికి నాకు సమ్మతమే. మిగతా ఆడవాళ్ల తరఫున నేను చెప్పలేను, నా వెంట్రుకల వరకు చెబుతున్నాను. కింద సంతకం పెట్టాను. ఒట్టు కూడా తీసేశాను. నర్సమ్మ దీన్ని స్పీడ్ పోస్టులో వేస్తానంది.

నువ్వు వెంటనే బయలుదేరి రా. మమ్మల్ని ఎక్కడికైనా తీసుకుపోవడం తర్వాత సంగతి. ఉషారాణి నిన్నటి నుంచి అటు తిరిగి పడుకుంది. బిడ్డకు పాలివ్వడం మానేసింది. తన పాలలో విషముందని భయం. వాడు ఏడుస్తున్నాడు, ఆమె చెవులు మూసుకుంటోంది. వాళ్లమ్మ డబ్బా పాలు కలిపి పోస్తే కక్కేస్తున్నాడు. పాలు ఆపొద్దని, పాల వల్ల మేలేనని నాకు చెప్పావు కదా, అది నువ్వు వచ్చి నీ నోటితో ఆ పిల్లకు చెప్పు. నేను చెబితే నమ్మడం లేదు.

దుర్గ.